ఇరవై రెండు సెకన్లు

పోయిన వారం భాగంలో ఒడెస్సా ప్రూయిట్ ఐసు కోసం వెళ్ళి, ఐసు సంగతే మరిచిపోయి, ఒక కాగితాన్ని చొక్కా లోపల దోపుకుని బయటపడింది. ఆ కాగితం ఆమెది కాదు. అందులోని మాట మాత్రం ఆమెదే.

సగంలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. టాలో క్రీక్ అనే చిన్న కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి ఒడెస్సా ఇరవై మూడేళ్ళుగా దెబ్బలు చూసే మనిషి. చీలమండలకి పట్టీలు చుట్టడం దగ్గర్నుంచి, తల తిరిగి పడ్డవాడి కళ్ళలోకి లైటు వేసి చూడటం దాకా అన్నీ ఆమే. ఆ శుక్రవారం పిల్లలంతా ఆరొందల మైళ్ళు బస్సులో కుదేసుకుని అలబామాలోని కింబ్రో యూనివర్సిటీకి వచ్చారు. దేనికంటే, ఓడిపోవడానికి. పెద్ద జట్టు చిన్న జట్టుని పిలుస్తుంది, తొంభై వేలమంది ముందు చితకబాదుతుంది, బాదించుకున్నందుకు చెక్కు ఇచ్చి పంపిస్తుంది. అందరూ దీన్ని చెక్కు ఆట అంటారు, సిగ్గుపడకుండా.

ఆ శనివారం ఉదయం కింబ్రో వాళ్ళ చికిత్స గదిలో, ఎవడో బల్లమీద వదిలేసి వెళ్ళిన కాగితాల్లో, ఒడెస్సా తన కుర్రాడి నంబరు చూసింది.

*డెబ్భై నాలుగు. లూషియస్ బీస్లీ. ఎడమ పక్క చివర. మెడ నరం బలహీనం. గురువారం మూడోసారి ఎడమ చెయ్యి చచ్చుబడింది, ఇరవై రెండు సెకన్లు. మొదటి ఎత్తులోనే ఎడమ భుజం కిందనుంచి కుమ్మాలి. చెయ్యి పడిపోతే ఆ పక్క గోడ లేనట్టే.*

ఇరవై రెండు సెకన్లు! గురువారం సాయంత్రం మైదానంలో ఆ పిల్లాడి మణికట్టు పట్టుకుని, తన చేతి గడియారం చూస్తూ, ఒకటి రెండు అని లెక్కపెట్టింది ఒడెస్సా. తన నీలం అట్ట పుస్తకంలో రాసుకుంది. ముగ్గురంటే ముగ్గురికే చెప్పింది. ఊళ్ళో డాక్టరుకి, పెద్ద కోచ్ మీక్స్‌కి, ముందు వరసలో అడ్డం నిలబడేవాళ్ళకి నేర్పే లైను కోచ్ పీల్‌కి.

శుక్రవారానికి రెండు చేతుల పట్టూ సమానంగా వచ్చింది. డాక్టరు ఫోన్లో సరే అన్నాడు. ఒడెస్సా కూడా సరే అంది.

ఆటకి ఇంకా రెండున్నర గంటలుంది. ఆమె అతిథి జట్టు గదికి వెనక్కి నడిచింది.

నడిచే దారంతా మనుషులే. కింబ్రో వాళ్ళ ఆ నడవా రెండు లారీలు పక్కపక్కన పోయేంత వెడల్పు. గోడ పొడుగునా సిబ్బంది ఫోటోలు, ఒక్కొక్క ఫోటో కింద హోదా. పొద్దున వచ్చేటప్పుడు ఊరికే లెక్కపెట్టింది, నూట పద్దెనిమిది మొహాలు. ఆటగాళ్ళ మొహాలు కావు. నిద్ర ఎలా పోవాలో నేర్పేవాడొకడు. ఒంటికి నీళ్ళు సరిపోయాయో లేదో చూడటానికి కుర్రాళ్ళు పోసిన పాసు రంగు చూసేవాడొకడు. స్కూలు పిల్లల్ని బుట్టలో వేసుకోవడానికి వాళ్ళ పుట్టినరోజులకి వీడియోలు చేసి పంపే అమ్మాయిలు నలుగురు. ఒక గాజు గదిలో ముగ్గురు మాజీ పెద్ద కోచ్‌లు తెర ముందు కూర్చుని ఉడకబెట్టిన పల్లీలు నములుతున్నారు. ముగ్గురూ తలో రాష్ట్రంలో తలో జట్టునీ నిండా ముంచి, తీసేసినందుకు పరిహారంగా కోట్లు పుచ్చుకుంటూ, కాలక్షేపానికి ఇక్కడ చేరినవాళ్ళు. వాళ్ళ హోదా విశ్లేషకులు. పల్లీ తొక్కలు ఊడ్చడానికి మళ్ళీ వేరే మనిషి.

టాలో క్రీక్‌లో అందర్నీ పోగేస్తే పదిహేనుమంది. అదీ ఒడెస్సాని మూడుసార్లు లెక్కేస్తే. దెబ్బలు చూసేదీ ఆమే, బట్టలు ఉతికించేదీ ఆమే, దారిలో పిల్లలకి శాండ్‌విచ్‌లు కట్టించేదీ ఆమే. ఇన్నేళ్ళలో ఆమె ఎవర్నీ చూసి అసూయపడింది లేదు. కలిగినవాళ్ళు తింటారు, మనకేం అనుకునేది. ఇప్పుడు ఆ ఫోటోల మధ్య నడుస్తుంటే మాత్రం ఒంటిమీద జెర్రి పాకినట్టుంది. ఇంతమందికి చెయ్యడానికి పనెక్కడిది? పని లేనివాడు పని పుట్టిస్తాడు. ఎవడో ఒకడు పొద్దుటినుంచి కూర్చుని, ఇరవై ఏళ్ళ పిల్లాడి మెడలో ఏ నరం ఎక్కడ సన్నగా ఉందో వెతికి, చక్కగా టైపు చేసి, నెల జీతం తీసుకుంటున్నాడు.

"ఏమండీ, ఐసు దొరికిందా?"

ఎదురుగా తోపుడుబండి తోసుకుంటూ ఆర్విల్. కింబ్రో జట్టు సామాన్ల గదికి పెద్ద. డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి, తల మీద టోపీ తీసి మరీ పలకరిస్తాడు. ఆ భవనంలో పొద్దుటినుంచి ఆమెతో మనిషిలా మాట్లాడింది అతనొక్కడే.

"దొరికింది, దొరికింది."

"మొహమాటపడకండి. ఏం కావాలన్నా మా గదికి కబురు చెయ్యండి. బూటు తాడు దగ్గర్నుంచీ అన్నీ ఉన్నాయి. నా కింద పన్నెండుమంది ఊరికే కూర్చున్నారు."

"మీరు మంచివారు ఆర్విల్ గారూ," అని తప్పించుకుని వెళ్ళిపోయింది. ఆ మాట అన్నందుకు ఆమె ఆ రోజే పశ్చాత్తాపపడుతుందని అప్పుడు తెలీదు.

పీల్ స్నానాల గదిలో దొరికాడు. అద్దం ముందు నిలబడి టై కట్టుకుంటున్నాడు. ఆట రోజు కోచ్‌లెవరూ టై కట్టుకోరు. ఇరవై తొమ్మిదేళ్ళవాడు, చురుకైనవాడు, ఎప్పుడూ ఎవరో ఇంకో గదిలోంచి పిలుస్తారన్నట్టు మెడ సాచి ఉంటాడు.

ఒడెస్సా తలుపు మూసి కాగితం అతని చేతిలో పెట్టింది. "చదువు."

చదివాడు. మొహంలో నెత్తురు దిగిపోయింది.

"ఇది మీకెక్కడిది, మిస్ డెస్సీ?"

"నాకెక్కడిదో అడుగుతున్నావా? ఇరవై రెండు అన్న అంకె నా నోటినుంచి విన్నది ముగ్గురు. డాక్టరు నా పేరే సరిగ్గా రాయలేడు. మీక్స్‌కి ఈమెయిల్ తెరవడం రాదు. మిగిలిందెవరు?"

పీల్ టై ముడి ఒకసారి బిగించాడు, ఒకసారి వదులు చేశాడు.

"ఇంటర్వ్యూ చేశారు."

"ఎవరు?"

"వీళ్ళే. గురువారం, ప్రాక్టీసు అయ్యాక, ఫోన్లో. విశ్లేషకుడి పోస్టు ఖాళీ ఉందన్నారు. ఇప్పుడు నాకొచ్చేదానికి మూడింతలు. నలుగురు కూర్చున్నారు అవతల. 'మీ లైనులో ఒక్కొక్కడి బలం, బలహీనత చెప్పండి. మీ కన్ను ఎంత చురుకో చూడాలి కదా' అన్నారు. అందర్నీ అదే అడుగుతారండీ. పరీక్ష అది."

"శనివారం ఆట వాళ్ళతోనే అని నీకు గుర్తు రాలేదా?"

"వచ్చింది." కళ్ళు నేలకి దించాడు. "కానీ... మనం ఎలాగూ ఓడిపోతాంగా. యాభై పాయింట్ల తేడాతో ఓడిపోయే ఆటకి రహస్యాలేమిటి అనుకున్నాను."

ఒడెస్సాకి కొట్టాలనిపించింది. ముగ్గురు పిల్లల్ని పెంచింది, ఎవరిమీదా చెయ్యెత్తలేదు. ఇప్పుడు రెండు చేతులూ జేబుల్లో పెట్టుకోవలసి వచ్చింది.

"పాయింట్ల రహస్యం ఎవడికి కావాలి? అది ఆ పిల్లాడి మెడ! వాడు నీ దగ్గరికొచ్చి, కోచ్, చెయ్యి తెలీట్లేదు అన్నప్పుడు నిన్ను నమ్మి అన్నాడు. దాన్ని తీసుకెళ్ళి నీ తెలివికి సర్టిఫికెట్‌లా చూపించావా?"

"వాళ్ళు ఇలా వాడతారని నాకు..."

"నలుగురు కూర్చున్నారన్నావు. నీలాంటివాడికి ఉద్యోగం ఇవ్వడానికి ఒకడు చాలు. నలుగురెందుకు కూర్చున్నారో చెప్పనా? రాసుకోవడానికి. ఆ పోస్టు లేదు నాయనా. నిన్ను పిండుకున్నారు, అంతే."

పీల్ అద్దంలోకి చూశాడు. "చెప్తామన్నారండీ. ఈ వారంలో చెప్తామన్నారు."

అంత జరిగాక కూడా వాడి గొంతులో ఆశ పోలేదు. వాడి మీద కోపం కన్నా, వాణ్ణి అలా తయారుచేసిన ఆ నడవా మీద ఎక్కువ రోత పుట్టింది. కాగితం లాక్కుని బయటికి నడిచింది.

మీక్స్ ఒక చిన్న కొట్టులాంటి గదిలో కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ పొట్టు కాగితపు గ్లాసులోకి ఉమ్ముతున్నాడు. ఆమెకన్నా పదేళ్ళు పెద్ద, పదకొండేళ్ళుగా టాలో క్రీక్ పెద్ద కోచ్. మంచివాడే. అలిసిపోయిన మంచివాడు. కాగితం రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి, తిరిగి ఆమె చేతికిచ్చాడు.

"థూ," అన్నాడు.

"బీస్లీ ఆడడు," అంది ఒడెస్సా.

"వాడు లేకపోతే ఆ పక్క ఎవరు? ఓవెన్స్. మొన్న జూన్‌లో స్కూలు దాటొచ్చాడు. వాడి మీదుగా నడుచుకుంటూ వచ్చి మన బంతి విసిరే కుర్రాడి వీపు విరగ్గొడతారు. ఒకడి మెడ కాపాడి ఇంకొకడి వీపు అప్పగిస్తావా డెస్సీ?"

"అప్పగించేది నేను కాదు. ఈ ఆట ఒప్పుకున్నవాళ్ళు."

ఆ ఒప్పందం మీద మీక్స్ సంతకమూ ఉంది. ఆ చెక్కు రాకపోతే ఆడపిల్లల పరుగు జట్టుకి బస్సు ఉండదు, ఈత కొలను మళ్ళీ ఎండిపోతుంది. అది ఒడెస్సాకీ తెలుసు. ఆ చెక్కులోంచే పోయిన ఏడు తనకి కొత్త పట్టీల పెట్టెలొచ్చాయి.

"పోనీ ఈ కాగితం రిఫరీలకి చూపిద్దాం. ఆటల సంఘానికి పంపిద్దాం."

"చూపించి? వాళ్ళకి ఎనిమిదిమంది లాయర్లు. ఎవడో చిన్న ఉద్యోగి పొరపాటంటారు, వాణ్ణి తీసేసి ఇద్దర్ని పెట్టుకుంటారు." ఇంకో గింజ కొరికాడు. "వచ్చే ఏడూ, ఆ పై ఏడూ కూడా మనల్ని పిలవాలిగా వాళ్ళు."

అతను ఆ మాట తల దించుకుని అన్నాడు. అయినా అన్నాడు.

"సరే కోచ్. కాగితం సంగతి మీ ఇష్టం. పిల్లాడి సంగతి నా ఇష్టం."

"నీ మాటకి నేను అడ్డురాను. రూలు నీ వైపే ఉంది. కాకపోతే వాడితో నువ్వే చెప్పు. నా వల్ల కాదు."

లూషియస్ బీస్లీ తన బెంచీ మీద, ఎప్పటిలాగే, పట్టీలకి అందరికన్నా చివర కూర్చున్నాడు. మూడొందల పౌన్ల మనిషి. బంతి విసిరేవాడి వెనక పక్కకి ఎవడూ రాకుండా అడ్డం నిలబడటం వాడి పని. ఆ పని చేసేవాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. పట్టీ చుట్టేటప్పుడు కళ్ళు మూసుకుని చర్చి పాట ఏదో కూనిరాగం తీస్తాడు. మూడేళ్ళుగా ఆ కూనిరాగం వింటూ పట్టీ చుట్టడం ఒడెస్సాకి అలవాటు.

ఇవాళ ఆమె టేపు ఉండ తియ్యలేదు. ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"నాన్నా, ఇవాళ నువ్వు ఆడట్లేదు."

వాడు కళ్ళు తెరిచి నవ్వాడు. "ఊరుకోండి మిస్ డెస్సీ. నిన్న మీరే సరే అన్నారుగా."

"నిన్న నాకిది తెలీదు."

ఆమె ఇచ్చిన కాగితం వాడు నెమ్మదిగా, పెదాలు కదుపుతూ చదివాడు. చివరికొచ్చాక చేత్తో తన ఎడమ భుజం తడుముకున్నాడు. ఆ తర్వాత ఆమె ఊహించిన పని చెయ్యలేదు. కోప్పడలేదు. బ్యాగులోంచి ఫోన్ తీసి ఆమెకిచ్చాడు.

"మీరూ ఇది చదవండి."

పొద్దున ఎనిమిదింటికి వచ్చిన సందేశం. కింబ్రోలో ఆటగాళ్ళని ఏరి తెచ్చే విభాగం నుంచి, కెండ్రా అనే అమ్మాయి. *ఇవాళ మొదటి సగం చాలు, నీ సత్తా మాకు చూపించు. జనవరిలో మా జట్టుకి మారే సంగతి కూర్చుని మాట్లాడుకుందాం. మా బోర్డు మీద నీ పేరు పైనుంచి నాలుగోది. మేమంతా నిన్నే చూస్తుంటాం.* చివర నవ్వుతున్న పసుపు బొమ్మ, పక్కన ఒక గుండె.

ఒడెస్సా కాగితం తిరిగి తీసుకుని ఫోన్ పక్కన పెట్టి చూసింది. రెండూ ఒకే భవనంలోంచి వచ్చాయి. మెట్లు వేరు, అంతే. పై అంతస్తులో వీణ్ణి కొనడానికి బేరం. కింది అంతస్తులో వీణ్ణి విరగ్గొట్టడానికి పథకం. మధ్యలో నూట పద్దెనిమిదిమంది, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా ఎవరి పని వాళ్ళు శ్రద్ధగా చేసుకుంటున్నారు.

"వీళ్ళు చేసేది వాళ్ళకి తెలిసి ఉండదు, మిస్ డెస్సీ. కావాలని కాదు."

"అదేరా నా బాధ! కావాలని చేసేవాడైతే మొహాన ఉమ్మి వెళ్ళిపోదును. వీళ్ళలో ఎవడి మొహాన ఉమ్మను? ఎవణ్ణడిగినా నా విభాగం కాదంటాడు."

లూషియస్ నవ్వబోయి మానేశాడు. కాస్త ముందుకు వంగి గొంతు తగ్గించాడు.

"ఒకటడుగుతాను, కోప్పడకండి. పై అంతస్తులో స్కానింగ్ మిషన్ ఉందట. నిజమేనా?"

"ఉంది. పొద్దున చూశాను."

"భవనంలోనేనా? ఆటగాళ్ళ కోసమేనా?"

"అవును."

"నా మెడకి మన ఊరి ఆసుపత్రివాళ్ళు ఎప్పుడిచ్చారు తేదీ?"

ఆమెకి అర్థమైంది.

"అక్టోబరు పదిహేడు," వాడే చెప్పాడు. "ఇవాళ సెప్టెంబరు ఆరు. ఇక్కడ మెడలు చూడటానికే ఇద్దరున్నారట. మేము ఎనభైమందిమి, మీరొక్కరు. మిమ్మల్ని అనట్లేదు మేడం. మీరు లేకపోతే నేను ఈపాటికి నడిచేవాణ్ణే కాదు. కానీ నా మెడ బాగుపడాలంటే నేను ఇక్కడికి రావాలి. ఇక్కడికి రావాలంటే ఇవాళ ఆడాలి."

ఇరవై మూడేళ్ళలో పిల్లలు ఆమెని బతిమాలారు, బెదిరించారు, ఒకడు బూతులు కూడా తిట్టాడు. ఎవడూ ఇంత మర్యాదగా, ఇంత సూటిగా ఆమె ఉద్యోగం ఎంత చిన్నదో చెప్పలేదు. చెప్పిందాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. మెడ బాగుచేసే చోటికి పోవడానికి ముందు మెడని పణం పెట్టాలట! ఏ లోకంలో పుట్టింది ఈ లెక్క? ఎవడు కట్టాడు ఈ భవనం?

"పెద్ద మిషన్లు లేవు నా దగ్గర," అంది చివరికి. "నా దగ్గర ఉన్నది ఒక్కటే."

వాడి పక్కనున్న హెల్మెట్ తీసుకుంది.

ఆమె వృత్తిలో అందరికీ తెలిసిన కిటుకు అది. దెబ్బ తగిలినవాడు మాట వినడు. కళ్ళు కప్పి మైదానంలోకి దూరిపోతాడు. తాళ్ళు వేసి కట్టెయ్యలేం కదా. అందుకని హెల్మెట్ లాక్కుంటారు. తలమీద అది లేనివాణ్ణి ఏ రిఫరీ గీత దాటనివ్వడు. లూషియస్ తల మామూలు తల కాదు. అంత పెద్ద తలకి పట్టే రెండో హెల్మెట్ టాలో క్రీక్ దగ్గర లేదు, కొనే స్తోమతా లేదు.

పీల్ ఎప్పుడొచ్చాడో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. టై తీసేశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వాడి చేత ఒక మంచి పనైనా చేయిద్దామని ఆమెకి అప్పుడే తోచింది.

"వచ్చావా? వీడి పక్కన కూర్చో. ఆట మొదలయ్యేదాకా కదలకు. నువ్వు చేసిందానికి ఈ మాత్రం చెయ్యి."

"అలాగే మిస్ డెస్సీ," అన్నాడు పీల్.

హెల్మెట్‌ని తన మందుల ట్రంకులో పెట్టి, తాళం వేసి, తాళంచెవి మెడలో గొలుసుకి తగిలించుకుంది. లూషియస్ తువ్వాలు తీసి మొహం మీద కప్పుకున్నాడు. ఆ తువ్వాలు కింద వాడి భుజాలు కదులుతుంటే చూడలేక ఆమె బయటికి వచ్చేసింది.

మధ్యాహ్నపు ఎండకి మైదానం పెనంలా కాలుతోంది. తొంభై వేల గొంతులు ఒక్కసారి లేస్తే ఛాతీలో డప్పు వాయించినట్టుంది. ఎదురుగా కింబ్రో వాళ్ళ పక్క గీత పొడుగునా మనుషులు, మనుషులు. బొమ్మల అట్టలు ఎత్తి సైగలు చేసేవాళ్ళు, సీసాలు నోటికందించేవాళ్ళు, విసనకర్ర యంత్రాలు తిప్పేవాళ్ళు. వాళ్ళ పెద్ద కోచ్ వెనక ఒక కండలవాడు నిలబడి, ఆయన ఆవేశంలో గీత దాటిపోకుండా బెల్టు పట్టుకుని వెనక్కి లాగుతున్నాడు. వాడి ఉద్యోగం అదే. ఇంకో పని లేదు. ఒక మనిషి బెల్టు పట్టుకోవడానికి ఒక మనిషి.

ఒడెస్సా తన మెడలో తాళంచెవి తడిమి చూసుకుంది. ఉంది. పొద్దుటినుంచి మొదటిసారి ఊపిరి కాస్త కుదుటపడింది. ఆడనీ ఓవెన్స్‌ని. ఓడిపోనీ యాభై పాయింట్లతో. సోమవారం పొద్దున ఆ ఆసుపత్రి వాళ్ళ కాళ్ళు పట్టుకునైనా తేదీ ముందుకి జరిపించుకుంటాను అనుకుంది.

బంతి మొదట టాలో క్రీక్‌కి వచ్చింది. కుర్రాళ్ళు గుంపుగా మైదానంలోకి పరుగెత్తారు.

"ఏమండీ!"

వెనక్కి తిరిగితే ఆర్విల్. చెమటలు కక్కుతూ, టోపీ చేత్తో పట్టుకుని, చిన్నపిల్లాడిలా మొహం వెలిగిపోతూ.

"మీకు చెప్పి వెళ్దామని వచ్చాను. మీ పెద్ద కుర్రాడి పని అయిపోయిందండీ. దిగులుపడకండి."

"ఏ పని?"

"హెల్మెట్ పట్టీ తెగిపోయిందటగా. మా గదికొచ్చి అడిగాడు పాపం, ఎంత మర్యాదస్తుడో. మీ కోచ్ కూడా పక్కనే ఉన్నాడు, ఆ యువకుడు. అవునండీ, తెగిపోయింది, మా దగ్గర ఇంకోటి లేదు అన్నాడు. నేనూరుకుంటానా? పన్నెండుమందిని దింపాను. కొలత తీశాం, లోపల మెత్తలు వేశాం, మీ రంగు వేశాం, నంబరు కూడా అంటించాం. పదకొండు నిమిషాలు! చూడండి ఎలా మెరుస్తోందో."

ఆయన చూపించిన వైపు ఆమె చూసింది.

ఎడమ పక్క చివర, గీతలుపడ్డ పాత హెల్మెట్ల వరసలో, అద్దంలా మెరుస్తూ కొత్తది ఒక్కటే. డెబ్భై నాలుగు. వాడు ముందుకి వంగి, ఎడమ చెయ్యి నేలకి ఆనించి కూర్చున్నాడు.

"ఆపండి!" ఒడెస్సా అరిచింది. "మీక్స్! ఆపమను! టైమవుట్ అడుగు!"

తొంభై వేలమంది హోరులో ఆ అరుపు ఆమెకే వినపడలేదు. పది అడుగుల దూరంలో మీక్స్ మెరుస్తున్న ఆ హెల్మెట్ వంకే చూస్తున్నాడు. చూసి, మొహం పక్కకి తిప్పుకున్నాడు.

బంతి కదిలింది. ఎదుటివాడు తిన్నగా రాలేదు. కాగితంలో రాసినట్టే ఒక అడుగు పక్కకి వేసి, వంగి, ఎడమ భుజం కిందనుంచి పైకి కుమ్మాడు. కొత్త హెల్మెట్ ఒక్కసారిగా వెనక్కి వాలిపోయింది.

ఈల మోగేలోపే ఒడెస్సా గీత దాటింది. యాభై నాలుగేళ్ళ మోకాళ్ళు ఎంత పరుగెత్తగలవో అంతా పరుగెత్తింది. పరుగెడుతూనే అలవాటు కొద్దీ గడియారం చూసింది, లెక్క మొదలైపోయింది. నాలుగు. ఐదు. లూషియస్ వెల్లకిలా పడి ఉన్నాడు. ఆమె వాడి పక్కన మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులతో తల కదలకుండా పట్టుకుంది. పదకొండు. పన్నెండు.

"నాన్నా, నేను. మెడ తిప్పకు. నా మాట వినపడుతోందా?"

వాడు కళ్ళు తెరిచే ఉన్నాడు. వాడి చూపు ఆమెని దాటి, పైన గాజు గదుల వైపు ఉంది. "చూశారా వాళ్ళు, మిస్ డెస్సీ?" అన్నాడు. "నేను పట్టు వదల్లేదు. చూశారా?"

"చూశారు నాన్నా. ఎడమ చేత్తో పిడికిలి బిగించు."

పద్దెనిమిది. పందొమ్మిది. ఎడమ చెయ్యి గడ్డిలో పడ్డ చోటే ఉంది.

ఇరవై. ఇరవై ఒకటి.

ఇరవై రెండు.

"బిగించాను, మిస్ డెస్సీ," అన్నాడు లూషియస్.

ఆ అరచెయ్యి తెరుచుకునే ఉంది. ఆమె వాడి కుడి చేతి వైపు చూసింది. అదీ తెరుచుకునే ఉంది.

ఇరవై మూడు.